మరుపావతి: ఇచ్చేదెవరు, పుచ్చుకొనేదెవరు?

బళ్లారిలోని కార్యాలయాల కన్నడ పత్రాలలో ‘మరుపావతి’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. తెలుగు చదువరులకు మొదటి చిక్కు ‘పావతి’ వద్దనే ఎదురవుతుంది. పాత తెలుగు లెక్కల వాడుకలో పావతి అంటే సొమ్ము ముట్టినట్లు ఇచ్చే చీటీ, అనగా రసీదు. కన్నడంలో పావతి అంటే చెల్లింపు; చీటీని రసీది అంటారు. కనుక మరుపావతి అంటే రెండవ రసీదు కాదు, తిరిగి చెల్లించడం.

రెండవ చిక్కు వలన కలిగే నష్టం ఎక్కువ. సొమ్ము ఎవరి నుంచి ఎవరికి పోతుందో ఈ మాట ఒక్కటే చెప్పదు. బ్యాంకు కాగితంలో ‘సాల మరుపావతి’ అని ఉంటే, తీర్చవలసినది అప్పు తీసుకొన్నవారు. ‘వైద్యకీయ వెచ్చ మరుపావతి’ అని ఉంటే, చికిత్సకు ఉద్యోగి ముందుగా పెట్టుకొన్న ఖర్చును ప్రభుత్వం వారికి తిరిగి ఇస్తుంది. (వెచ్చ అనే మాట తెలుగువారికి కొత్తది కాదు, వెచ్చించడంలో ఉన్నది అదే.) ముందున్న మాటను చదవకుండా సంతకం చేస్తే, రావలసిన సొమ్మును కోరబోయి తీర్చవలసిన బాకీని ఒప్పుకొన్నట్లు కావచ్చు.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరగా, అదే జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. అటువైపు బంధువులు ఈ రెండవ అర్థానికి ‘రీయింబర్స్‌మెంట్’ అనే అంటారు. ఆ మాటను పల్లెలకు చేర్చినది ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం. అయితే ఆ పథకంలో ఫీజు చాలాకాలం నేరుగా కళాశాలలకే చేరినందున, మనం ఖర్చు చేయకపోయినా ప్రభుత్వం కడుతుందనే భావం ఆ మాటకు అంటుకొంది. అసలు అర్థం అది కాదు. ముందు ఖర్చు, తరువాతనే రాబడి.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 69వ సెక్షన్ కూడా ఈ క్రమాన్నే పాటిస్తుంది. చట్టప్రకారం ఒకరు కట్టవలసిన సొమ్మును, అందులో తనకు ప్రయోజనం ఉన్నందున మరొకరు కడితే, కట్టినవారు దానిని రాబట్టుకోవచ్చు. జమీందారు బాకీపడిన శిస్తుకై భూమి వేలం కాకుండా కౌలుదారు ఆ సొమ్ము కట్టడం ఆ సెక్షన్ చూపిన ఉదాహరణ.

ధరావతు తిరిగి రావడం దీనికి భిన్నం, అది వాపసు. ‘ముంగడ’, అనగా అడ్వాన్సు, తీసుకొని ఖర్చు చేసినవారికి ముంగడను మించిన మేరకే మరుపావతి వస్తుంది. మిగిలితే వారే తిరిగి కట్టాలి.

దరఖాస్తుకు బిల్లు ఒక్కటే చాలదు. బిల్లు ఎంత కట్టాలో చెబుతుంది, కట్టినట్లు చెప్పదు. కన్నడ మరుపావతికి జతపరచవలసినది తెలుగు పావతియే. అసలు రసీదును సమర్పించే ముందు దాని నకలును దగ్గర ఉంచుకోవాలి.