తిరుగుదారి తెలిసిన కంప్యూటర్

ఒక నెట్‌వర్క్‌లో బయలుదేరిన సమాచారాన్ని మరో నెట్‌వర్క్‌లోకి చేరవేసే యంత్రం ఏదైనా రౌటరే కనుక, ఇంటర్నెట్ కంపెనీ గోడకు బిగించి వెళ్లే యాంటెన్నాల పెట్టె చేసే పనిని మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ కూడా చేయగలదు. 1980ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం యేగర్ రాసిన రౌటర్ ప్రోగ్రాము మొదట నడిచింది పీడీపీ-11 అనే మినీకంప్యూటర్ మీదే. రౌటర్ కోసం ప్రత్యేకమైన పెట్టెలు తయారై అంగళ్లకు రావడం ఆ తరువాతి సంగతి.

ఈ పనికి కంప్యూటర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులు, లినక్స్ వంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చాలు. ఒక కార్డును మోడెమ్‌కు కలిపితే దానికి బయటి చిరునామా మోడెమ్ ద్వారా వస్తుంది. రెండో కార్డును స్విచ్ ద్వారా లోపలి కంప్యూటర్లకు కలిపి, దానికి 192.168.50.1 వంటి చిరునామాను చేతితో ఇవ్వాలి. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి సొంత నెట్‌వర్క్‌లలో ఎవరైనా వాడుకునేందుకు కేటాయించినవని 1996లో వెలువడిన ప్రమాణపత్రం నిర్దేశిస్తుంది. అయితే చాలా మోడెమ్‌లు తామే 192.168.1 వరుసలోని చిరునామాలను పంచుతుంటాయి కాబట్టి, లోపలి వైపునా అదే వరుసను ఎంచుకుంటే, ఏ చిరునామా ఏ కార్డు వైపు ఉందో నిర్ణయించే రౌటింగ్ పట్టికలో రెండు దారులూ ఒకే గమ్యాన్ని చూపుతాయి. కార్డులు, కేబుళ్లు అన్నీ సవ్యంగా ఉన్నా సమాచారం దారి తప్పడానికి తరచుగా ఇదే కారణమవుతుంది.

చిరునామాలు కుదిరినంత మాత్రాన ఆ కంప్యూటర్ రౌటర్ అయిపోదు. తనకు ఉద్దేశించని ప్యాకెట్‌ను, అంటే చిరునామాతో సహా ప్రయాణించే సమాచారపు ముక్కను, పారవేయడం లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు సహజంగా ఉన్న అలవాటు. ఐపీ ఫార్వర్డింగ్ అనే అమరిక విలువను 0 నుంచి 1కి మార్చినప్పుడే అది ప్యాకెట్‌ను ఒక కార్డు నుంచి మరో కార్డుకు అందిస్తుంది. ఈ మార్పును అమరికల ఫైలులో రాయకపోతే, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వెలిగించగానే విలువ తిరిగి 0 అవుతుంది.

ఇంత చేశాక కూడా లోపలి కంప్యూటర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోవు. ప్యాకెట్ బయటికి వెళ్లడం తేలికే గాని, జవాబు తిరిగి రావడమే కష్టం. ఎందుకంటే పంపినవారి చిరునామాగా దానిపై ఉన్న 192.168.50.20 లక్షలాది ఇళ్లలో ఉండగలది, బయటి ప్రపంచంలో దానికి దారి తెలిసిన రౌటర్ ఒక్కటీ లేదు. అందువల్ల రెండు కార్డుల కంప్యూటర్ ఆ చిరునామాను తీసివేసి తన బయటి చిరునామాను పెట్టి, అవసరమైతే ఒక్కో సంభాషణను గుర్తించే పోర్టు సంఖ్యను కూడా మార్చి, ఏది ఎవరిదో ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే ఆ పట్టిక చూసి అసలు చిరునామాను తిరిగి పెట్టి లోపలికి పంపుతుంది. నాట్ అని పిలిచే ఈ పద్ధతిని ఐపీవీ4 చిరునామాలు, అంటే సుమారు 430 కోట్ల సంఖ్యలు, చాలకపోవచ్చన్న భయంతో 1994లో తాత్కాలిక ఉపాయంగా ప్రతిపాదించారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ తాత్కాలికానికి ఆయుష్షు తీరలేదు సరికదా, ఇప్పుడు కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు తమ వైపున కూడా మరోసారి ఇదే పని చేస్తున్నాయి.

నాట్ ఉంటే రక్షణ ఉన్నట్టేనని చాలామంది అనుకోవడం పొరపాటు. లోపలి నుంచి మొదలైన సంభాషణలకు వచ్చే జవాబులను మాత్రమే అనుమతించి, బయటి నుంచి తమంతట తాముగా వచ్చేవాటిని తోసిపుచ్చే ఫైర్‌వాల్ నియమాలను విడిగా రాయవలసిందే. 2001లో వచ్చిన లినక్స్ 2.4 కెర్నెల్‌తో ఇందుకు ఐపీటేబుల్స్ అందుబాటులోకి రాగా, 2014లో దానికి వారసుడిగా ఎన్ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. పాత పాఠాలు చదివి నియమాలు రాసేవారు తమ సిస్టమ్‌లో ఏది నడుస్తున్నదో ముందుగా చూసుకోవడం మేలు. లోపలి కంప్యూటర్లకు చిరునామాలు పంచే పనిని, వెబ్‌సైట్ పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ పనిని డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాము ఒక్కటే నిర్వహిస్తుంది గాని, దాన్ని లోపలి కార్డుకే పరిమితం చేయాలి.

రాత్రింబవళ్లు వెలిగే పాత డెస్క్‌టాప్ చిన్న రౌటర్ కన్నా ఎన్నో రెట్లు విద్యుత్తు తాగుతుంది కాబట్టి, నలుగురున్న ఇంటికి ఈ ఏర్పాటు గిట్టుబాటు కాదు. విద్యార్థుల ల్యాబ్‌కు, ట్రాఫిక్‌ను గమనించి అదుపు చేయవలసిన కార్యాలయానికి మాత్రం బాగా పనికివస్తుంది. అక్కడ సమస్య వచ్చినప్పుడు లోపలి కంప్యూటర్ నుంచి ముందు 192.168.50.1ను, తరువాత బయటి కార్డు చిరునామాను, ఆపైన ఇంటర్నెట్‌లోని ఏదైనా అంకెల చిరునామాను, చివరకు ఒక వెబ్‌సైట్ పేరును వరుసగా పింగ్ చేస్తూ, అంటే జవాబు వస్తుందో లేదో పరీక్షిస్తూ, పోవాలి. మొదటిది అందకపోతే లోపలి కేబుల్‌ను లేదా చిరునామాను, మూడోది అందకపోతే ఫార్వర్డింగ్‌ను, నాట్‌ను, ఫైర్‌వాల్ నియమాలను, చివరిది మాత్రమే అందకపోతే డీఎన్ఎస్‌ను అనుమానించాలి.