నయాగరాకి కూడా గేట్లున్నాయి: బోటెక్కే ముందు ఇది వినండి

పోయిన ఎపిసోడ్‌లో అమ్మానాన్నలతో ఎడిసన్ నుంచి బయల్దేరాం కదా, అక్కణ్ణుంచే మొదలుపెడదాం. న్యూజెర్సీ నుంచి నయాగరాకి దాదాపు 400 మైళ్లు. పెద్దవాళ్లుంటే ఆగుతూ వెళ్లాలి కాబట్టి ఎనిమిది గంటలు వేసుకోండి. రోడ్డు గురించి చెప్పేదేం లేదు, పులిహోర డబ్బా ఖాళీ అయ్యేసరికి బఫెలో వచ్చేసింది.

నన్ను అందరూ అడిగేది ఒకటే: ఏ టైమ్‌కి వెళ్తే బాగుంటుంది? పగలు వెళ్లండి. ఫొటోల కోసం కాదు, నీళ్ల కోసం.

నయాగరా మీద నీళ్లు రోజంతా ఒకేలా పడవండీ. ఎరీ సరస్సు నుంచి ఆ నదిలోకి వచ్చేది సుమారు 2 లక్షల క్యూసెక్కులు. అదంతా కిందకి దూకదు. 1950లో అమెరికా, కెనడా ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా, ఆ తర్వాత అక్టోబర్ ఆఖరు వరకు రాత్రి 8 దాకా కనీసం లక్ష క్యూసెక్కులు జలపాతం మీదికి వదలాలి. మిగతా వేళల్లో, చలికాలమంతా, 50 వేలు వదిలితే చాలు. మిగిలిన నీళ్లు రెండు దేశాల కరెంటు ప్లాంట్లకి పోతాయి. కెనడా ఒడ్డు నుంచి నది మధ్యదాకా, జలపాతానికి కొంచెం ఎగువన, గేట్లు కట్టారు. మన సాగర్ గేట్లెత్తితే చూడ్డానికి పోతామే, ఇక్కడ అది రోజూ టైమ్ ప్రకారం జరుగుతుందన్నమాట.

ఇది చెప్పగానే మా నాన్న చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయనది సాగర్ ఎడమ కాలువ చివరి భూమి మరి. "చూడ్డానికే లక్ష క్యూసెక్కులా?" అన్నారు. ఇక్కడ పేచీ పొలాలకి కాదు నాన్నా, కరెంటుకి అన్నాను. కాసేపాగి, "రెండు దేశాలు కూర్చుని రాసుకున్నాయి. మనం రెండు రాష్ట్రాలమే కదరా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంకో లాభం కూడా ఉంది. నీళ్లు తగ్గడం వల్ల రాయి కోసుకుపోయి జలపాతం వెనక్కి జరగడం బాగా నెమ్మదించింది.

ఇక బోటు. అమెరికా వైపు నడిచేది మెయిడ్ ఆఫ్ ద మిస్ట్. 1846లో నది దాటించే పడవగా మొదలైంది. పక్కన వంతెన కట్టేశాక దాటేవాళ్లు తగ్గి, చూపించే పడవైంది. 2020 నుంచి నడుస్తున్నవి బ్యాటరీ బోట్లు, ఒకదాని పేరు నికోలా టెస్లా. జనం ఎక్కి దిగేలోపు ఛార్జింగ్ పెట్టేస్తారు. డీజిల్ మోత లేదు కాబట్టి వినపడేది నీళ్ల హోరే.

నీలం రెయిన్‌కోటు ఇస్తారు. ఎదురుగా కెనడా బోట్లో అందరూ ఎరుపులో కనిపిస్తారు. వెళ్లేటప్పుడు ఎడమవైపు నిలబడండి, అమెరికన్ ఫాల్స్ అటే వస్తుంది. వీడియో తీయాలంటే ఇక్కడే తీసేసుకుని ఫోన్ జిప్ కవర్లో పెట్టేయండి. తర్వాత వచ్చే హార్స్‌షూ ఫాల్స్ దగ్గర లెన్స్ మీద నీళ్లు తప్ప ఏమీ పడదు. నీళ్లలో పదోవంతు తక్కువగా దాదాపు అంతా దూకేది అక్కడే, 57 మీటర్ల ఎత్తు నుంచి. బోటు ప్రవాహానికి ఎదురుగా ఇంజిన్ నడుపుతూ అక్కడే నిలబడుతుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది, ఒక్క ముక్క వినపడలేదు. మొత్తం ఇరవై నిమిషాలే.

1960లో ఏడేళ్ల బాబు ఒకడు లైఫ్ జాకెట్ మాత్రమే ఉండగా హార్స్‌షూ మీంచి కింద పడ్డాడు. బతికాడు. నీళ్లలోంచి లాగింది ఈ కంపెనీ బోటే. అలాంటిది జరిగింది కదా అని రెయిలింగ్ ఎక్కి సెల్ఫీలు తీసుకోకండి, దయచేసి.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు వంతెన దాటి కెనడా వైపు పోవాలంటే ఆ దేశం వీసా ఉండాలి. గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు. అమ్మానాన్నలకి వీసా లేదు కాబట్టి మేం ఇటే ఉండిపోయాం. రాత్రి రంగుల లైట్లు బానే ఉంటాయి, కానీ వేసవిలో పది దాటాక నీళ్లు పలచబడటం మొదలవుతుంది. నాన్న టైమ్ చూసుకుంటూ రెయిలింగ్ దగ్గరే నిలబడ్డారు.

వచ్చే ఎపిసోడ్‌లో తిరుగు ప్రయాణం. ఉంటాను మరి.