ఆఫా డైక్

ఆఫా డైక్ అనేది ఇంగ్లాండు, వేల్స్ దేశాల సరిహద్దు ప్రాంతంలో ఉన్న పురాతనమైన మట్టికట్ట. డైక్ అనగా కందకంతో కూడిన గట్టు. క్రీ.శ. 757 నుండి 796 వరకు మెర్సియా రాజ్యాన్ని పాలించిన ఆఫా అనే రాజు పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. వేల్స్‌లోని నైటన్ పట్టణం ఈ కట్ట మీదనే ఉన్నది. ఆ పట్టణపు వెల్ష్ పేరుకు కట్ట మీది ఊరు అని అర్థం.

నిర్మాణం

పడమర దిక్కున, అనగా వేల్స్ వైపున, కందకం త్రవ్వి, ఆ మట్టిని తూర్పు వైపున గట్టుగా పోశారు. కందకంతో కలిపి దీని వెడల్పు కొన్ని చోట్ల 20 మీటర్ల వరకు, గట్టు ఎత్తు సుమారు 2.4 మీటర్ల వరకు కలదు. నేటి సరిహద్దు కొద్ది చోట్ల మాత్రమే ఈ కట్ట వెంబడి సాగుతుంది.

చరిత్ర

ఆఫా ఈ కట్టను సముద్రం నుండి సముద్రం వరకు నిర్మించినట్లు ఆసర్ అనే మతాధికారి 893లో వ్రాసిన ఆల్‌ఫ్రెడ్ రాజు జీవిత చరిత్రలో పేర్కొన్నాడు. 20వ శతాబ్దంలో సిరిల్ ఫాక్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త దీనిని సర్వే చేసి, 1955లో గ్రంథంగా ప్రచురించాడు. చిర్క్ సమీపంలో జరిపిన త్రవ్వకాల ఫలితాలు 2014లో వెలువడ్డాయి. రేడియోకార్బన్ పరీక్షల ప్రకారం అక్కడి కట్టలో కొంత భాగం క్రీ.శ. 430-652 మధ్య కాలానికి, అనగా ఆఫాకు పూర్వమే, చెందినది కావచ్చు. సరిహద్దును గుర్తించుటకా, దాడులను అడ్డుకొనుటకా, రాకపోకలను అదుపు చేయుటకా అన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు.

పరిరక్షణ

కోటలు, ఆలయాల వలె ఇది చూడగానే ప్రాచీన కట్టడమని తెలియదు. చాలా చోట్ల పొలం గట్టులాగే కనిపిస్తుంది. దున్నకం, చెట్ల వేళ్ళు, బొరియలు చేసే జంతువులు, పశువుల తొక్కిడి దీనిని క్రమంగా హరిస్తున్నాయి. మిగిలి ఉన్న కట్టలో అధిక భాగానికి చట్టరక్షణ ఉన్నది. అయినప్పటికీ, 2013లో చిర్క్, లాంగోలెన్ పట్టణాల మధ్య సుమారు 45 మీటర్ల భాగాన్ని యంత్రంతో చదును చేశారు. ఎవరికీ శిక్ష పడలేదు.

1979 నాటి చట్టం ప్రకారం, ఆ స్థలానికి రక్షణ ఉన్నదని తనకు తెలియదని, తెలిసే అవకాశమూ లేదని నిరూపించినవారు శిక్ష తప్పించుకొనవచ్చు. వేల్స్‌లో 2016లో వచ్చిన చట్టం ఈ వెసులుబాటును తగ్గించింది. తెలియదని చెప్పడమే గాక, తెలుసుకొనుటకు తగిన ప్రయత్నమంతా చేసినట్లు కూడా నిందితుడే చూపవలెను.

గట్టును తిరిగి అదే ఆకారంలో పోయవచ్చును. కానీ కట్ట ఎప్పటిదో చెప్పే ఆధారాలు దాని మట్టి పొరలలోనే ఉంటాయి. ఒకసారి కలిసిపోయిన పొరలను విడదీయడం సాధ్యం కాదు.

నడక మార్గం

1971లో ప్రారంభమైన ఆఫా డైక్ నడక మార్గం దక్షిణాన చెప్‌స్టో సమీపంలోని సెడ్బరీ నుండి ఉత్తరాన ప్రెస్టాటిన్ వరకు 285 కిలోమీటర్లు సాగుతుంది. ఇందులో కొంత భాగం మాత్రమే కట్ట వెంబడి ఉన్నది.