ఉద్యమ పాట తత్వం దిక్కు మళ్లితే మెత్తబడ్డట్టేనా? | గోరటి వెంకన్న

పోయిన ఎపిసోడ్‌లో నేనొక మాట అన్న. గోరటి వెంకన్న పాటల్లో నిప్పు తగ్గింది, తత్వం ఎక్కువైంది అని. అది చూసి ఒక పెద్దాయన కోరుట్ల బస్టాండ్‌ల నన్ను ఆపిండు. జగిత్యాలల చిరతల భజన నేర్పిస్తడట. "తత్వం చల్లగుంటదని నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

వెంకన్నది నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారం. నాయన యక్షగానం ఆడిన మనిషి, అమ్మ మంగళహారతులు పాడేది. 2002ల వచ్చిన కుబుసం సినిమాల పల్లె చేతివృత్తులు ఎట్ల చితికిపోయినయో చెప్పిన పాటతోని ఆయన పేరు ఊరూరికీ పోయింది. తర్వాత తెలంగాణ ఉద్యమ వేదికలు. 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది మాత్రం వల్లంకి తాళం అనే పుస్తకానికి. వల్లంకి అంటే పిట్ట. అక్కడ చెట్టు, పిట్ట, లోపలి వెతుకులాట.

1979ల బాబ్ డిలన్ స్లో ట్రెయిన్ కమింగ్ ఆల్బమ్ తెస్తే పాత అభిమానులు చాలామంది నొచ్చుకున్నరు. నేనూ అదే లెక్కల వెంకన్నను చూసిన. కానీ డిలన్‌ది కొత్త విశ్వాసంలోకి పోవుడు. ఈయనది చిన్నప్పుడు విన్నదాని దగ్గరికి తిరిగి వచ్చుడు.

ఇంకొకటి. తత్వం అంటే ఒట్టి దేవుని పాట కాదు. వేమన గుడినీ కులాన్నీ నిలదీసిండు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ముస్లిం. కాశీల కబీరు మగ్గం నేసినోడు. వీళ్లు ఒంటి గురించి చెప్పాలంటే కుండ, మగ్గం, తోలుతిత్తి అంటరు, అన్నీ పనిచేసేటోళ్ల వస్తువులే. కుబుసం పాటల ఆగిపోయింది కుమ్మరి పని. తత్వంల పగిలే కుండ మనమే. ఈ రెండూ ఒకే నోట రావుడుల వింతేముంది?

ఇది నాకు ఇంట్లనే తెల్వాల్సింది. సిరిసిల్లల మా తాత సాంచాలు నడిపేటోడు. నేతన్నల ఆత్మహత్యలు వరుసగా జరిగిన రోజులవి. మా వాడకట్టుల ఎవరు పోయినా రాత్రంతా తుంబుర పట్టుకొని తత్వాలు పాడేటోడు. బీటెక్ చదివేటప్పుడు నేను దాన్ని, బతుకు మారదని ఒప్పుకొనుడు అనుకున్న. ఆయన ముంగట్నే అన్న కూడా. తాత ఏమనలే, నవ్విండు. అట్ల రాత్రంతా పాడి, పొద్దుగాల కండ్లు ఎర్రగున్నా, కూలి పెంచుమని సేటు ఇంటి ముందు కూసున్న నలుగురిలో ఆయన కూడా ఉన్నడని మా అమ్మమ్మ చెప్పింది, ఆయన పోయినంక.

జగిత్యాల పెద్దాయన వచ్చే శనివారం భజనకు రమ్మన్నడు. కెమెరా తేవద్దన్నడు. సరే అన్న.