వీడియో ఉంది, చిట్టా లేదు

‘తలంబ్రాలు పోస్తుండగా కెమెరా బ్యాటరీ అయిపోయింది. ఫైలు 9 జీబీ ఉంది కానీ, తెరవబోతే హెడర్ లేదంటోంది. బాగుపడుతుందా?’ అని ఒక పాఠకుడు అడిగారు. చాలాసార్లు బాగుపడుతుంది. ఎలాగో చెప్పకుండా వదలబుద్ధి కావడం లేదు.

అసలు ఆ హెడర్ పోలేదు, ఇంకా రాయనేలేదు. ఆ ఫైలు ఎంపీ4 అయి ఉంటుంది. ఎంపీ4 అనేది ఆపిల్ 1991లో తెచ్చిన క్విక్‌టైమ్ నుంచి పుట్టిన పద్ధతి. ఫైలు నిండా పెట్టెలే. ‘ఎండాట్’ అనే పెట్టెలో బొమ్మా ధ్వనీ ఉంటాయి. ఏ ఫ్రేము ఎక్కడుంది, ఎన్ని బైట్లు, ఎంతసేపు నిలవాలి అనే పట్టికలు ‘మూవ్’ అనే పెట్టెలో ఉంటాయి. లేదంటున్న హెడర్ ఇదే. రికార్డింగు ఆగితే గానీ లెక్క తేలదు కనుక కెమెరా మూవ్‌ని ఆఖర్న రాస్తుంది. ఈలోగా బ్యాటరీ పోతే, ధాన్యమంతా గోదాములోనే ఉంటుంది, ఏ బస్తా ఎవరిదో చెప్పే చిట్టా మాత్రం ఉండదు.

ఫైలు పేరు చివర మూడక్షరాలు మార్చి చూసేవాళ్ల సంగతి వదిలేద్దాం. తెలిసినవాళ్లు చేసే పొరపాటు ఇంకా రుచిగా ఉంటుంది. టీవీ ప్రసారాల్లో హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియో ప్రతి ముక్కకూ ముందు 00 00 01 అనే గుర్తు వస్తుంది. దాన్ని వెతికితే చాలనుకుంటారు. ఎంపీ4లో ఆ గుర్తు ఉండదు. దాని స్థానంలో ముక్క పొడవు ఉంటుంది, సాధారణంగా 4 బైట్లలో. ఇప్పుడు 321 బైట్ల ముక్క వచ్చిందనుకోండి. ఆ పొడవును హెక్సాడెసిమల్‌లో రాస్తే 00 00 01 41. మొదటి మూడు బైట్లు అచ్చం ఆ గుర్తే! పైగా 41 అంటే ‘మామూలు ఫ్రేము’ అని చెప్పే బైటు. వెతికేవాడు నిలువునా మోసపోతాడు.

సరైన దారి గెంతడమే. 4 బైట్లు చదివి, ఆ పొడవంత ముందుకు గెంతి, మళ్లీ 4 చదవాలి. పొడవు వెంటనే వచ్చే బైటు 65 అయితే కీలక ఫ్రేము, 41 అయితే మామూలుది. ఇలా పోతూ పోతూ ఒకచోట పొడవు యాభై కోట్లని వస్తుంది. అదీ అసలు మజా. అది పొడవే కాదు, అక్కడ బొమ్మ ఆగి ధ్వని మొదలైంది! ఏఏసీ పద్ధతిలో కుదించిన ధ్వనికి ముందు పొడవు కూడా రాసి ఉండదు. కుదింపును విప్పే డీకోడరుకు తినిపించి, అది ఎన్ని బైట్లు మింగిందో చూసి ముందుకు జరగాలి. ఇలా దొరికిన చోట్లన్నీ రాసుకుంటే కొత్త మూవ్ తయారవుతుంది.

వెడల్పు, ఎత్తు, కుదింపు వివరాలు కూడా మూవ్‌లోనే ఉండాలి కదా? అవి అరువు తెచ్చుకోవాలి. ఫెదెరికో పోన్‌కియో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ‘అన్‌ట్రంక్’ అందుకే అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి అడుగుతుంది. సెట్టింగులు మార్చకుండా ఒక నిమిషం తీసివ్వండి. కానీ వేరే కార్డు మీద! పాత కార్డును ముట్టుకోకుండా ముందు పూర్తి నకలు తీసుకోండి.

ఇంత తంటా తప్పించే ఉపాయం ఎప్పట్నుంచో ఉంది. పట్టికను చివర్న ఒక్కసారే కాక, ముక్కలుగా మధ్యమధ్యలో రాసుకుంటూ పోతే సరి. బ్యాటరీ పోయినా పోయేది ఆఖరి ముక్కే. కంప్యూటర్ తెరను రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ 2024లో అలాంటి ఎంపీ4 తెచ్చింది. లక్షలు పోసి కొనే కెమెరాలు ఇంకా చాలామటుకు పాత దారే పట్టుకుని ఎందుకు వేలాడుతున్నాయో వాటిని తయారుచేసేవాళ్లే చెప్పాలి.