పేరూ విలువా, అంతే

2001 ఏప్రిల్. కాలిఫోర్నియాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో చిప్ మార్నింగ్‌స్టార్ ఇంటి గ్యారేజీ నుంచి ఒక చిన్న సందేశం బయల్దేరింది. పంపినవాళ్లు ఆయనా, డగ్లస్ క్రాక్‌ఫర్డూ. బ్రౌజర్ దాన్ని అందుకుంది గానీ చదవలేకపోయింది. సందేశంలో ఒక అంశానికి ‘డూ’ అని పేరు పెట్టారు. బ్రౌజర్ అర్థం చేసుకునే భాష జావాస్క్రిప్ట్ ఆ మాటను తన సొంత పనికి అట్టేపెట్టుకుంది. దాంతో పేర్లన్నిటికీ కొటేషన్ గుర్తులు తప్పనిసరి చేశారు. ఆ నియమం నేటికీ ఉంది. ఆ రాత పద్ధతే జేసన్.

పెళ్లిలో చదివింపుల పుస్తకం గుర్తుందా? ఒక పక్క పేరు, ఎదురుగా మొత్తం. జేసన్ కూడా అంతే: ఎడమన పేరు, మధ్యలో కోలన్, కుడిన విలువ. ఆ విలువ అక్షరాలు కావచ్చు, అంకె కావచ్చు, అవును-కాదు కావచ్చు, ఖాళీ కావచ్చు. మరో జాబితా కూడా కావచ్చు. రైలు టికెట్ వెతికితే సర్వర్ నుంచి ఫోనుకు వచ్చే సమాధానం చాలాసార్లు ఇలాంటి మూటే. ఆ మూట విప్పి, ఫోను తన తెరమీద అందంగా పరుస్తుంది.

2001 నాటికి ఇలా సమాచారం పంపే పనికి 1998లో ప్రమాణమైన ఎక్స్‌ఎంఎల్ ఉంది. అందులో ప్రతి అంశానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు ఉండాలి. క్రాక్‌ఫర్డ్ బృందం తమ పద్ధతిని చూపిస్తే కొనేవాళ్లు ‘ఇది ప్రమాణం కాదుగా’ అన్నారు. ఆయన 2002లో జేసన్ పేరిట ఒక వెబ్ చిరునామా కొని, నియమాలన్నీ ఒక్క పేజీలో పెట్టారు. దీన్ని తాను కనిపెట్టలేదనీ, జావాస్క్రిప్ట్‌లో ఉన్నదాన్నే గుర్తించాననీ ఆయన చెబుతూ వచ్చారు. 1996లోనే నెట్‌స్కేప్ కంపెనీలో ఒకరు ఇలా వాడారట.

పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా కావలసిన ముక్కే తెచ్చుకునే అజాక్స్ పద్ధతి 2005లో ఊపందుకుంది. జేసన్ దశ తిరిగింది. ఆ డిసెంబరులో యాహూ తన సేవల్లో కొన్నిటిని ఈ రూపంలో ఇవ్వడం మొదలుపెట్టింది. 2013లో ప్రమాణాల సంస్థ ఎక్మా జేసన్‌ను ప్రమాణంగా ప్రకటించింది.

క్రాక్‌ఫర్డ్ దానికి కొత్త హంగులు చేర్చలేదు. పైగా వ్యాఖ్యలు రాసుకునే వీలునే తీసేశారు. కొందరు వాటిలో ప్రోగ్రాములకు ఆదేశాలు ఇరికిస్తున్నారని గమనించారు. వెర్షన్ నంబరు కూడా పెట్టలేదు. రూపం మారకూడదన్నదే ఉద్దేశం. అందుకే పాత జేసన్ ఫైళ్లను నేటి ప్రోగ్రాములు సాధారణంగా చదవగలవు.

తెలుగువాళ్లకు ఇందులో మరో సౌకర్యం ఉంది. 2017 నాటి నియమం ప్రకారం వేర్వేరు వ్యవస్థల మధ్య తిరిగే జేసన్, తెలుగుతో సహా అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలోనే ఉండాలి. అందుకే డాలస్‌లో తెలుగులో టైప్ చేసిన పేరు, ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా, హైదరాబాద్ సర్వర్‌కు చేరుతుంది.