బంపర్ విప్పి చూశాకే నిర్ణయం

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కడపల మీదుగా సాగే 40వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యాక కార్ల వేగం బాగా పెరిగింది గానీ, కేసీ కాలువ కింద వరి పండించే పల్లెలు ఆ దారిని ఆనుకునే ఉండటం వల్ల ట్రాక్టర్లూ గేదెలూ ఆ రోడ్డు మీదికి వస్తూనే ఉంటాయి. 2014 ఏప్రిల్ 23 రాత్రి, ఆళ్లగడ్డ నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన భూమా శోభానాగిరెడ్డి నంద్యాల నుంచి తిరిగి వస్తుండగా, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కారణంగా ఆమె వాహనం బోల్తా పడింది. మరునాడు హైదరాబాదులో ఆమె కన్నుమూశారు. ప్రాణాలు దక్కి, కారు ముందుభాగం మాత్రమే నుజ్జయిన ప్రమాదాల్లో కూడా ఒక నిర్ణయం మిగిలి ఉంటుంది: దెబ్బతిన్న భాగాలను సరిచేయించాలా, తీసేసి కొత్తవి వేయించాలా అన్నది. ఈ నిర్ణయాన్ని చాలామంది పైకి కనిపించే సొట్టను చూసి తీసుకుంటారు, నిజానికి తీసుకోవలసింది బంపర్ విప్పిన తర్వాత.

నేటి కార్లలో ఎక్కువ వాటికి విడిగా ఛాసిస్ ఉండదు; రేకులన్నీ కలిపి అతికించిన బాడీయే బరువు మోస్తుంది, దీన్నే మోనోకాక్ నిర్మాణం అంటారు. బంపర్, గ్రిల్, బానెట్, ఫెండర్లు దానికి పైతొడుగు మాత్రమే. వాటి వెనుక రేడియేటర్‌నూ ఏసీ కండెన్సర్‌నూ పట్టి ఉంచే సపోర్ట్ ప్యానెల్, దాని వెనుక ఇంజిన్‌కు రెండు పక్కలా పొడవుగా సాగే ఉక్కు పెట్టెల వంటి సైడ్ మెంబర్లు ఉంటాయి. గుద్దుకున్నప్పుడు ఒక క్రమంలో ముడుచుకుంటూ దెబ్బ తీవ్రతను తమలో ఇముడ్చుకొని, లోపల కూర్చున్నవారి దాకా పోకుండా ఆపేది ఈ సైడ్ మెంబర్లే. నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద బాడీని బిగించే బొలెరో వంటి వాహనాల్లో లెక్క కొంత వేరు. అక్కడ ఛాసిస్ వంగిందా లేదా అన్నదే మొదటి పరీక్ష.

పైతొడుగు విషయంలో మరమ్మతుకు వెనుకాడనక్కరలేదు. ఫెండర్ మీది సొట్టను మంచి డెంటింగ్ మేస్త్రీ లోపలి నుంచి తట్టి, పలచగా పుట్టీ పెట్టి, రంగు వేస్తే నష్టమేమీ లేదు. చిరిగిన ప్లాస్టిక్ బంపర్‌ను వేడితో అతికించవచ్చు. అయితే బానెట్ లోపలి చట్రం మడతపడినా, తాళం పడే చోటు నలిగినా కొత్తదే వేయించాలి, ఎందుకంటే పరుగులో బానెట్ లేచిందంటే అది అద్దానికి అడ్డం వస్తుంది. పలుచని అల్యూమినియం గొట్టాలతో చేసే కండెన్సర్, రేడియేటర్ చితికితే అతుకుల మీద ఆధారపడటం వృథా.

అసలు ప్రశ్న సైడ్ మెంబర్ల దగ్గర వస్తుంది. మరమ్మతు నిపుణులు పాటించే నియమం సరళమైనది: లోహం వంపు తిరిగితే లాగి సరిచేయవచ్చు, మడతపడితే మార్చాలి. మడత దగ్గర ఉక్కు బలం కోల్పోతుంది. గ్యాస్ మంటతో వేడిచేసి సుత్తితో కొట్టి నిలబెడితే, అధిక బలం కలిగిన నేటి ఉక్కు ఆ వేడికి మరింత బలహీనపడుతుంది. చూపుకు తిన్నగా ఉన్న ఆ భాగం రెండోసారి గుద్దుకున్నప్పుడు మొదటిసారిలా ముడుచుకోదు. సైడ్ మెంబర్ మీది రంగు పగిలి గీతలుగా విడివడినా, అతుకుల మీది సీలెంట్ చీలినా అనుమానించాలి. ఎడమ బానెట్ కీలు నుంచి కుడి హెడ్‌లైట్ బిగింపు వరకు, కుడి కీలు నుంచి ఎడమ బిగింపు వరకు టేపుతో కొలిచినప్పుడు రెండు కొలతలూ కలవకపోతే ముందుభాగం పక్కకు జరిగినట్టే.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న కారులో అది, దాని నియంత్రణ పెట్టె, సీటుబెల్టు బిగించే యంత్రం తయారీదారు చెప్పిన ప్రకారం మార్చవలసిందే. ఖర్చు తగ్గించుకోవడానికి చిన్న రెసిస్టర్ పెట్టి హెచ్చరిక దీపాన్ని ఆర్పే పద్ధతి ఒకటుంది. తర్వాత ఆ కారు కొనే కుటుంబాన్ని మోసగించడమే అది.

ఈ నిర్ణయాలను పక్కదారి పట్టించేది బీమా లెక్క. జీరో డిప్రిసియేషన్ లేని సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలతో పాటు ఎయిర్‌బ్యాగ్ ధరలోనూ 50 శాతం, 5 నుంచి 10 ఏళ్ల కారు లోహ భాగాల ధరలో 40 శాతం తరుగుదలగా కోస్తారు, కూలికి మాత్రం ఆ కోత లేదు. అందుకే పాత కారు యజమానికి కొత్త భాగం కన్నా సుత్తి పనే చౌకగా తోస్తుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో, 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తారు: ఐడీవీ 4 లక్షలైతే ఆ గీత 3 లక్షలు. ఆ గీత దగ్గరికి వచ్చిన కారును కాపాడుకోవాలన్న మమకారంతో అంచనా తగ్గించమని బీమా సర్వేయర్‌ను బతిమాలడం తగదు. అలా తగ్గేది తరచు సైడ్ మెంబర్ ఖర్చే.

నంద్యాల షెడ్డులో గానీ ఆళ్లగడ్డ షెడ్డులో గానీ సర్వేయర్ చూడకముందు పని మొదలుపెట్టనివ్వవద్దు. బంపర్ విప్పిన స్థితిలో ఫోటోలు తీయించుకొని, తీసేసిన పాత భాగాలను కళ్లతో చూసి, చక్రాల అలైన్‌మెంట్ కాగితం చేతికి వచ్చాకే కారు తాళం తీసుకోవాలి.